ముందు వరసకు డబ్బు కట్టే ముందు

మా గాండ్లపెంట నుంచి ఏ సముద్రానికి పోవాలన్నా ఒక పగలు ప్రయాణంలోనే గడిచిపోతుంది. అయినా ఈ నాలుగైదేళ్లలో మా వీధిలోనే మూడు ఇళ్లవాళ్లు ఓడ ఎక్కి వచ్చారు. పిల్లలు డల్లాస్‌లోనో సింగపూర్‌లోనో ఉంటారు. అమ్మానాన్నలు చూడ్డానికి వెళ్తారు. సెలవులు కలిసొస్తే అందరూ కలిసి క్రూయిజ్‌కు బయల్దేరుతారు. మొన్న పక్కింటామె గోడ అవతల నుంచి పిలిచి అడిగింది: "వదినా, మావాడు ఓడకు టికెట్లు తీస్తాండాడు. ఇంకో నలభై వేలు కడితే లైన్లో నిలబడే పనే లేదంట. కట్టమందునా, వద్దందునా?"

ఆమెకు చెప్పినవే కాస్త కుదురుగా ఇక్కడ రాస్తున్నాను. ఒక జనవరిలో మా అమ్మాయి, అల్లుడు, ఇద్దరు పిల్లలతో కలిసి నేనూ మా ఆయనా టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి అయిదు రోజులు ఓడలో తిరిగొచ్చాం. అప్పుడు ముందు వరసకు డబ్బు కట్టాం. కొంత పనికొచ్చింది, ఎక్కువ భాగం పనికిరాలేదు.

1. మూటలో ఏముందో కాగితం మీద రాయండి. "ప్రయారిటీ" అని ఒక్క మాటే కనిపిస్తుంది గానీ అందులో అయిదారు వేరు వేరు వస్తువులు కలిపి కట్టి ఉంటాయి: ఓడ ముందుగా ఎక్కడం, సామాను గదికి ముందుగా రావడం, రేవు లేని చోట చిన్న పడవలో ముందు దిగడం, ఆటపాటల హాల్లో కుర్చీలు, ఆఖరి రోజు ముందు దిగడం, ఒక్కోసారి ఇంటర్నెట్. ఒక్కోదాని పక్కన "ఇది మనకు కావాలా?" అని టిక్కు పెట్టండి. ఆరింటిలో రెండే టిక్కులు పడితే మిగతా నాలుగింటికీ ఊరికే కడుతున్నట్టు.

2. గంటకు ఎంత పడుతోందో లెక్క వేయండి. రోజుకు మనిషికి 25 డాలర్లు అనుకుందాం. నలుగురికి అయిదు రోజులంటే 500 డాలర్లు, మన డబ్బులో నలభై వేల పైమాటే. పక్కింటామె చెప్పిన మొత్తం ఇంచుమించు ఇదే. దీనికి మిగిలే సమయం ఎంత? ఎక్కేటప్పుడు ఒక గంట, చిన్న పడవ దగ్గర ముప్పావు గంట, దిగేటప్పుడు అరగంట. అంతా కలిపితే రెండుంబావు గంటలు. అంటే గంటకు 220 డాలర్ల పైనే పడుతోంది. డాలర్లలో చూస్తే చిన్నగానే అనిపిస్తుంది. నేనైతే దాన్ని చెనిక్కాయల్లోకి మార్చుకుంటాను. నలభై వేలు చేతికి రావాలంటే ఎన్ని బస్తాలు తూకానికి వేయాలో మా ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు. ఆ లెక్క వేశాక కూడా కట్టాలనిపిస్తే నిశ్చింతగా కట్టండి. అప్పుడు అది తెలిసి పెట్టిన ఖర్చే అవుతుంది.

3. ధర గదికా, తలకా అని అడగండి. కార్నివాల్ ఓడల్లో "ఫాస్టర్ టు ద ఫన్" అనేది గదికి ఒక ధర. ఒక గదిలో నలుగురున్నా అదే డబ్బు. అవి కొన్నే ఉంటాయి, తొందరగా అయిపోతాయి. రాయల్ కరీబియన్ వాళ్ల "ద కీ" అలా కాదు. మనిషికి, రోజుకు అని లెక్క. ఆ గదిలో ఆరేళ్లు దాటినవాళ్లందరూ కొనాల్సిందే, ఒక్కరికి తీసుకుంటామంటే కుదరదు. అందులో ఇంటర్నెట్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఎటూ ఇంటర్నెట్ కొనాలనుకున్నవాళ్లు ఆ ధర తీసేసి మిగిలినదాన్నే ముందు వరస ఖర్చుగా చూడాలి. పెద్ద కుటుంబానికి గది లెక్క లాభం. ఇద్దరే వెళ్తుంటే రెండిటికీ పెద్ద తేడా ఉండకపోవచ్చు, అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

4. ముందు నిలబడినా ఓడ రావాలి కదా. మాకు జరిగింది చెప్తాను. డల్లాస్ నుంచి గాల్వెస్టన్ అయిదు గంటల దారి. తెల్లవారుజామున బయల్దేరి పదకొండున్నరకల్లా రేవు దగ్గర ఉన్నాం. ముందు వరస చీటీ చేతిలో ఉంది. చూస్తే రేవు మీద పొగమంచు, నీళ్లెక్కడో నేలెక్కడో తెలియడం లేదు. అక్కడ చలికాలంలో ఇది మామూలేనట. ఓడలను రేవులోకి తెచ్చే పైలట్లు మంచు విడిచేదాకా పని ఆపేస్తారు. మేం ఎక్కాల్సిన ఓడ పాత ప్రయాణికులతో సహా బయట సముద్రంలోనే నిలబడిపోయింది. డబ్బు కట్టినవాళ్లం, కట్టనివాళ్లం అందరం ఒకే హాల్లో, ఒకే రకం కుర్చీల్లో సాయంత్రం దాకా కూర్చున్నాం. మా మూడేళ్ల మనవడు నా ఒళ్లోనే రెండు సార్లు నిద్రపోయి లేచాడు. ఓడ వచ్చాక మమ్మల్ని ఇరవై నిమిషాలు ముందు పిలిచారు, ఆ ఇరవై నిమిషాలే మాకు దక్కింది.

మంచుకు ఎవరినీ అనేది లేదు. కానీ ఆ డబ్బులో కొంత పెట్టి ముందు రోజు రాత్రే హ్యూస్టన్‌లోనో గాల్వెస్టన్‌లోనో గది తీసుకుని ఉంటే పిల్లలు ఆ చలిలో తెల్లవారుజామున లేవాల్సిన పని తప్పేది. ఓడ ఆలస్యమని ఫోన్‌కు కబురొచ్చాక తీరిగ్గా బయల్దేరేవాళ్లం. దారిలో కారు చెడితే ఓడ తప్పిపోతుందన్న బెంగ కూడా ఉండేది కాదు. ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే: ముందు వరస కంటే ముందు రోజు గది మేలు.

5. మందుల సంచి చేతిలోనే ఉండాలి. రేవు దగ్గర పెద్ద పెట్టెలకు గది నంబరు ఉన్న చీటీ తగిలించి వాళ్లకు అప్పగిస్తాం. అవి గది ముందుకు చేరేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది. "ముందుగా వస్తుంది" అని డబ్బు కట్టిన సామాను కూడా అంతే. మా ఆయన బీపీ మాత్రలు, కళ్లజోడు, మనవడి మారుబట్టలు పెద్ద పెట్టెలో పోయాయి. మాత్ర వేసుకునే వేళ దాటిపోతుంటే ఆయన నోరు మెదపలేదు గానీ నాకు ఆ రెండు గంటలూ గుండె గుబగుబలాడింది. తర్వాత నుంచి ఒక చిన్న గుడ్డసంచి నా భుజానికే: మాత్రలు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు, పిల్లాడి బిస్కెట్లు. సామానుకు ప్రయారిటీ కొనాలనిపించేవాళ్లు ముందు ఈ సంచి కుట్టించుకోండి. పాత లంగా గుడ్డ చాలు.

6. లైఫ్ జాకెట్ శిక్షణ నుంచి ఎవరికీ మినహాయింపు లేదు. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపించే ఈ కార్యక్రమానికి ఎంత కట్టినవాళ్లయినా వెళ్లాలి. ఇప్పుడు చాలా ఓడల్లో వీడియో ఫోన్‌లో చూసి, మన చోటుకు వెళ్లి కనబడితే సరిపోతుంది. ఎక్కిన వెంటనే, భోజనానికి కూడా పోకుండా, ముందు అది ముగించండి. అప్పుడు అక్కడ ఒక్కరూ ఉండరు. సాయంత్రానికి జనం కమ్ముకుంటారు.

7. చిన్న పడవల చోట మాత్రం ఆలోచించండి. కోజుమెల్ లాంటి చోట ఓడ నేరుగా రేవుకు ఆనుకుంటుంది, దిగి నడిచిపోవడమే. బెలీజ్ సిటీ, గ్రాండ్ కేమన్ లాంటి చోట ఓడ ఒడ్డుకు దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో మనుషులను దింపుతుంది. పొద్దున్నే దిగాలనుకుంటే అక్కడ వరస నిజంగానే పొడుగు. ముందు వరసకు విలువంటూ ఉంటే ఇక్కడే. అందుకే టికెట్ కొనే ముందే మీ ఓడ ఆగే ఊర్లలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో చూసుకోండి. ఒక్కటీ లేకపోతే ఆ మూటలో సగం బరువు తగ్గినట్టే. ఒక్కటి ఉన్నా రెండు దార్లున్నాయి: ఓడవాళ్లే నడిపే విహారం కొన్నవాళ్లను ఎటూ ముందు పంపుతారు, లేదా పది దాటాక దిగండి. మేం పిల్లలకు తీరిగ్గా టిఫిన్ పెట్టి పదిన్నరకు వెళ్తే మెట్ల దగ్గర పట్టుమని పది మంది లేరు. తిరిగి ఎక్కే ఆఖరి పడవ ఎన్ని గంటలకో మాత్రం గోడ మీద చూసి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఓడ ఆగదు.

8. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వరసకు డబ్బు కట్టకండి, ముందుగా చెప్పండి. నాకు ఎంతో ముఖ్యమనిపించే చిట్కా ఇది. నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీ సాయం ఓడ రేవులోనూ, విమానాశ్రయంలోనూ కొనుక్కునే వస్తువు కాదు, అడిగి తీసుకునేది. టికెట్ తీసేటప్పుడే చెప్పాలి, కనీసం రెండు రోజుల ముందు మళ్లీ ఒకసారి గుర్తు చేయాలి. మనవాళ్లు అడగడానికి మొహమాటపడతారు. "నేనేం ముసలాడినా" అంటారు. మా ఆయనా అలాగే అన్నారు, బెంగళూరు విమానాశ్రయంలో అంత పొడుగు నడవా నడిచి రాత్రికి మోకాలు వాచిపోయాక తిరుగు ప్రయాణంలో కుర్చీలో కూర్చున్నారు. ఆ కుర్చీ తోసిన పిల్లవాడు మమ్మల్నిద్దర్నీ వేరే దారిలో ఇమిగ్రేషన్ దాటించాడు. బాగా నడవగలిగినవాళ్లు వరస తప్పించుకోవడానికి దీన్ని వాడకండి. నిజంగా కావాల్సిన ఒక పెద్దామెకు అప్పుడు కుర్చీ ఉండదు.

9. ఆఖరి పొద్దున ముందు దిగాలంటే ముందు రోజు రాత్రి పెట్టెలు బయట పెట్టకుండా మనతోనే ఉంచుకుంటే చాలు. సొంత సామాను మోసుకుపోయేవాళ్లను అందరికంటే ముందే వదులుతారు, దానికి రూపాయి ఇవ్వక్కర్లేదు. అల్లుడు, అమ్మాయి చెరో పెట్టె లాగగలిగితే చాలు.

10. శాకాహారం అడిగితే వస్తుంది. మొదటి రోజు రాత్రి భోజనాల హాల్లో పెద్ద వడ్డనదారుతో "మేం మాంసం, గుడ్డు తినం, కాస్త కారంగా మన వంట కావాలి" అని చెప్తే మర్నాటి నుంచి పప్పో, కూరో, అన్నమో విడిగా చేసి పెడతారు. టికెట్ తీసేటప్పుడే రాయించుకుంటే ఇంకా మంచిది. దీనికి డబ్బు తీసుకోరు, ప్రత్యేక హోటల్ భోజనం కొనాల్సిన పని లేదు. ఇంటి నుంచి ఊరిబిండి, ఓళిగలు పట్టుకుపోదామనుకోకండి. ఇంట్లో చేసినవాటిని చాలా ఓడల్లో లోపలికి రానివ్వరు. సీలు తీయని పొట్లాలైతే సాధారణంగా అభ్యంతరం ఉండదు. కారప్పొడి ఒకటి అలాగే కొని పెట్టుకోండి.

11. కనపడని ఖర్చు ఇంకోటి ఉంది. అమెరికా ఓడల్లో పనివాళ్ల కోసం రోజుకు మనిషికి సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా బిల్లులో తామే కలిపేస్తారు. కొన్ని ఓడల్లో చంటిపిల్లలకు తప్పితే అందరికీ ఉంటుంది. పొద్దున్నే గది సర్ది, తువ్వాలుతో ఏనుగు బొమ్మ చేసి మనవడి మంచం మీద పెట్టే మనిషికి చేరే డబ్బది. ముందు వరస వదులుకున్నా సరే, దీన్ని తీసేయించకండి. బడ్జెట్ వేసేటప్పుడే ఈ అంకె పక్కన పెట్టుకుంటే ఆఖరి రోజు కంగారు ఉండదు.

12. మన దేశంలోనే ఉచితంగా దొరికే ముందు వరసలు వాడుకోండి. విదేశీ ప్రయాణాల్లో ఇమిగ్రేషన్ దగ్గర తొందరగా దాటడానికి కేంద్ర ప్రభుత్వం "ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్" పెట్టింది. 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై, 2025 జనవరిలో బెంగళూరు, హైదరాబాద్, చెన్నై సహా ఇంకో ఏడు విమానాశ్రయాలకు వచ్చింది. ముందుగా ఆన్‌లైన్‌లో నమోదై, వేలిముద్రలు, ముఖం ఇచ్చి ఆమోదం పొందితే ఆటోమేటిక్ గేటు గుండా పోవచ్చు. రుసుము లేదు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. మా కదిరి వైపు వాళ్లం ఎక్కువగా బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా బెంగళూరు విమానాశ్రయానికే పోతాం కాబట్టి తరచూ వెళ్లొచ్చేవాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది. దేశంలోపల విమానాలకు ముఖం చూపించి లోపలికి పోయే డిజియాత్ర కూడా ఉచితమే.

సీట్ల విషయంలోనూ అంతే. పన్నెండేళ్ల లోపు పిల్లలను ఒకే టికెట్ మీద ప్రయాణించే అమ్మా నాన్నల్లో ఒకరి పక్కనైనా కూర్చోబెట్టాలని 2024 ఏప్రిల్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విమాన సంస్థలకు చెప్పింది. పిల్లాడి పక్కన కూర్చోవడానికి సీటు ఎంపిక డబ్బులు కట్టే ముందు ఈ మాట అడగండి. రైల్లో అరవై దాటిన మగవాళ్లకు, నలభై అయిదు దాటిన ఆడవాళ్లకు కింది బెర్తు కోటా ఉంది. టికెట్ తీసేటప్పుడు వయసు సరిగ్గా వేసి, ఆ కోటా అడగండి.

13. పాస్‌పోర్టు తత్కాల్‌కు కట్టే డబ్బు వేరే సంగతి. మామూలు 36 పేజీల పాస్‌పోర్టు 1,500 రూపాయలు, తత్కాల్‌కు ఇంకో 2,000. ప్రయాణం తేదీ ముందుకొచ్చి ఉంటే అది కట్టాల్సిందే. టికెట్లు పోయేదానికంటే ఆ రెండు వేలు ఎంత? కానీ ఆర్నెల్ల ముందే గడువు చూసుకున్న ఇంట్లో ఆ ఖర్చూ ఉండదు. అమెరికా వెళ్లి అక్కడి నుంచి ఓడ ఎక్కే అమ్మానాన్నలకు ఇంకో మాట: ఓడ మెక్సికోకో బెలీజ్‌కో పోయి వస్తుంది గనక తిరిగి అమెరికాలో అడుగుపెట్టడానికి మీ వీసా ఒకటికి మించి సార్లు పనిచేసేదై ఉండాలి. పాస్‌పోర్టులో వీసా కాగితం మీద ఆ మాట ఉందో లేదో ఓడ టికెట్ తీయక ముందే పిల్లల చేత చదివించుకోండి.

14. కొండ మీద నేర్చుకున్నది ఓడకు వాడండి. ముందు వరసకు డబ్బు కట్టడమనేది మనకు కొత్తది కాదు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం మనందరికీ తెలుసు. పక్కనే ఎన్ని ఉచిత దార్లున్నాయో కూడా తెలుసు: తిరుపతిలో ఇచ్చే సర్వదర్శనం టోకెన్లు, 65 దాటిన పెద్దలకు విడిగా కోటా, ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు సుపథం, పన్నెండేళ్ల లోపు పిల్లలకు 300 టికెట్ అక్కర్లేకపోవడం. నలుగురికీ టికెట్లు తీసి, తీరా వెళ్లాక "పిల్లలకు వద్దమ్మా" అనిపించుకున్నవాళ్లను నేను చూశాను. రద్దీ రోజైతే 300 టికెట్ ఉన్నా రెండు మూడు గంటలు పడుతుందనీ తెలుసు. ఇంత తెలిసిన మనం ఓడ టికెట్ దగ్గరికొచ్చేసరికి అడగడం మరిచిపోతాం. "ఉచితంగా ఎవరెవరికి ఏమేం ఉంది, కట్టినా ఎంతసేపు ఆగాలి" అన్న ఆ రెండు ప్రశ్నలే అక్కడా అడగండి.

15. మన తీరం నుంచి పోయే చిన్న ప్రయాణాలకు ముందు వరస వద్దు. కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ ఓడ 2022 జూన్‌లో చెన్నై నుంచీ, విశాఖ నుంచీ తిరిగింది. విశాఖలో 2023 సెప్టెంబరులో క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. ఇలాంటివి ఎక్కువగా కొన్ని రాత్రుల ప్రయాణాలే. ఎక్కడానికి ఒకసారి, దిగడానికి ఒకసారి నిలబడడమే కదా. ఆ డబ్బు కిటికీ ఉన్న గదికి పెట్టుకుంటే పిల్లలు మంచం మీది నుంచే సముద్రం చూస్తారు.

16. భద్రత డబ్బుతో కొనేది కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోయే పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగి ఎంతమంది పోయారో మనం మరవలేం. నది పడవైనా, సాగర్ నుంచి శ్రీశైలం పోయే లాంచీ అయినా, పై అంతస్తు సీటుకో ఏసీకో ఎక్కువ కట్టే ముందు లైఫ్ జాకెట్ ఒంటికి సరిపోయేది ఉందా, పిల్లల కొలతవి ఉన్నాయా చూడండి. లేవంటే దిగిపోండి. డబ్బు తిరిగి రాకపోయినా సరే.

17. ఎవరి కోసం కడుతున్నారో ఆ మనిషిని ఒక మాట అడగండి. మా అమ్మాయి ఆ ముందు వరస మా ఆయన కోసమే కట్టింది, నాన్న నిలబడలేరని. తిరిగొచ్చాక నేను ఆయన్ను అడిగాను, ఆ ఓడలో మీకేం బాగుందని. వరస గురించి ఆయన ఒక్క మాటా అనలేదు. రోజూ పొద్దున అయిదున్నరకు, జనం లేవకముందు, పై డెక్ మీద కమ్మీ పక్కన ఒక కుర్చీ లాక్కుని కాఫీ కప్పుతో కూర్చునేవారట. రెండో రోజు నుంచి అక్కడ తుడిచే మనిషి ఆయన్ను చూడగానే ఆ కుర్చీ తడి తుడిచి తిప్పి పెట్టేవాడట, ఎండ పొడుచుకొచ్చే వైపుకు. అక్కడ కూర్చోడానికి ఎవరూ డబ్బు అడగలేదు.